మొదటి అక్షరంలో ఏముండాలి: ఖాళీయా, తీగలా, బొమ్మా?

పాత ఐరోపా చరిత్ర గ్రంథాల్లో అధ్యాయం మొదటి అక్షరం నాలుగైదు వరుసల ఎత్తున, చదరపు గడిలో దర్జాగా కూర్చుంటుంది. ఆ గడిని నింపడానికి అచ్చువాళ్లకు మూడు దారులుండేవి.

ఒకటి, గడిని ఖాళీగా వదిలి రంగులు వేసేవాడికి అప్పగించడం. 1493లో న్యూరెంబర్గ్‌లో ఆంటన్ కోబెర్గర్ అచ్చువేసిన హార్ట్‌మన్ షెడెల్ ప్రపంచ చరిత్రనే చూడండి. 645 చెక్కదిమ్మలతో 1,809 బొమ్మలు తీశారు. ఒకే ముఖం ఇద్దరు ముగ్గురు రాజులకు సరిపెట్టారన్నమాట! బొమ్మలకు అంత ఖర్చు పెట్టినా, పెద్ద అక్షరాల చోటు మాత్రం చేతిపనికి వదిలేశారు. కొన్నవాళ్లలో స్తోమత ఉన్నవాళ్లు ఎరుపు, నీలం రంగులతో రాయించుకున్నారు. అది అందమే, కాదనను. కానీ రాయించుకోని ప్రతిలో అక్షరమే ఉండదు. మన రామాయణం ‘మాయణం’గా మిగిలిపోయినట్టు.

రెండోది తీగల అక్షరం. 1477లో వెనిస్‌లో ఎర్హార్ట్ రాట్‌డోల్ట్, తన భాగస్వాములతో కలిసి అప్పియన్ రాసిన రోమన్ చరిత్రను అచ్చువేశాడు. అందులో నల్లని నేల మీద తెల్లని తీగలు అక్షరాన్ని చుట్టుకుని ఉంటాయి. పెడన కలంకారీ దిమ్మలు చూసినవాళ్లకు ఈ కిటుకు చెప్పనక్కర్లేదు: చెక్కి తీసేసిన చోట సిరా అంటదు, వదిలిన చోట అంటుతుంది. దిమ్మను సీసపు అక్షరాలంత ఎత్తుకు కోసుకుంటే చాలు, వాక్యమూ అలంకారమూ ఒకే నొక్కుతో కాగితం మీద పడతాయి. తీగకు కథ ఉండదు కాబట్టి ఏ రాజు అధ్యాయానికైనా, ఏ పుస్తకానికైనా అతుకుతుంది.

మూడోది బొమ్మ అక్షరం. చూడగానే మనసు దోచేది ఇదే, కొంప ముంచేదీ ఇదే. దిమ్మ చెక్కించడం ఖర్చుతో కూడిన పని కాబట్టి ఒక పుస్తకానికి చేసింది మరో పుస్తకంలోకీ వెళ్లేది. లండన్‌లో 1572లో వచ్చిన బిషప్పుల బైబిల్లో హెబ్రీయులకు రాసిన పత్రిక మొదట్లో, హంస రూపంలో లీడా అనే రాణిని చేరిన రోమన్ దేవుడు జూపిటర్ దర్శనమిస్తాడు! రోమన్ కవి ఓవిడ్ పురాణ కథల పుస్తకం కోసం చెక్కిన దిమ్మ అది. ఆ ముద్రణకు ‘లీడా బైబిల్’ అన్న పేరు స్థిరపడిపోయింది.

రోజూ వాడుకోవడానికైతే నా ఓటు తీగలకే. ఒక్కచోట మాత్రం మాట మార్చుకుంటాను. 1563లో జాన్ డే అచ్చువేసిన జాన్ ఫాక్స్ క్రైస్తవ హతసాక్షుల (మతం కోసం ప్రాణాలిచ్చినవాళ్ల) చరిత్రలో, ఎలిజబెత్ రాణికి రాసిన అంకితం ‘కాన్‌స్టంటైన్’ అనే పేరుతో మొదలవుతుంది. ఆ ‘సి’ అక్షరం ఒడిలో రాణి సింహాసనం మీద కూర్చుని ఉంటుంది, కింద విరిగిన తాళపుచెవులతో రోమ్ మతాధిపతి పోపు. రోమ్‌తో ఇంగ్లండుకున్న తగాదా అంతా ఒక్క గడిలో పట్టింది. ఏ తీగా ఆ పని చెయ్యలేదు. 1570 ముద్రణలో అంకితం మొదటి మాట ‘క్రైస్ట్’ అయింది. అదీ ‘సి’యే కాబట్టి పాత దిమ్మే మళ్లీ కూర్చుంది.