పెంపుడు జంతువుల తడి వైప్స్: మూడు నెలలు వాడిన తరువాత

మా ఇంట్లో కుక్కా పిల్లీ రెండూ ఉన్నాయి, రెండూ పక్క ఎక్కుతాయి. పెంపుడు జంతువులను తుడవడానికని అమ్మే ఈ తడి వైప్స్ కొన్నది ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో ఉన్న హామీని చూసే: క్రిములు 99.9 శాతం నశిస్తాయట, ఆ తరువాత జంతువును నిశ్చింతగా హత్తుకోవచ్చట. మూడు నెలల పాటు రోజుకు రెండుసార్లు వాడాను. ఆ హామీలోని మొదటి మాట సంగతి ఎలా ఉన్నా, రెండో మాటను నమ్మవద్దని చెప్పడానికే ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా మెచ్చుకోవలసినవి చెబుతాను. బట్ట మందంగా ఉంది, చిరగదు, కుక్క కాళ్లకు అంటిన బురదను ఒక్క తుడుపులో తీసేస్తుంది. పిల్లి బొచ్చు వల్ల వచ్చే తుమ్ములు తగ్గుతాయని కూడా రాశారు గానీ నాకు తేడా కనిపించలేదు. అలర్జీకి ముఖ్య కారణమైన ఫెల్ డి 1 అనే ప్రోటీన్ పిల్లి లాలాజలంలోనూ చర్మగ్రంథుల్లోనూ తయారవుతుంది కనుక, మనం తుడిచిన కాసేపటికే అది ఒళ్లు నాక్కుని మళ్లీ పూసుకుంటుంది.

ఇక ఆ 99.9 సంగతి. ఇటువంటి అంకెలు సాధారణంగా ఎంపిక చేసిన కొన్ని బ్యాక్టీరియాల మీద, ప్రయోగశాలలో, నిర్ణీత సమయం పాటు రసాయనాన్ని తాకనిచ్చి తేల్చినవి; కదులుతున్న కుక్క బొచ్చును పది సెకన్లు తుడవడం దానితో సమానం కాదు. అంతకంటే ముఖ్యంగా, ఇంట్లో పిల్లలకు ముప్పు తెచ్చే వాటిలో కొన్ని అసలు బ్యాక్టీరియాలే కావు. కుక్కల్లో ఉండే టాక్సోకారా అనే ఏలికపాము గుడ్లకు దళసరి పొర ఉంటుంది, మామూలు క్రిమిసంహారకాలకు అవి లొంగవు. మలంతో బయటపడిన ఆ గుడ్లు రోగం కలిగించే దశకు రావడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది కాబట్టి, అసలు ప్రమాదం అప్పుడే తుడిచిన బొచ్చులో కంటే పెరట్లో ఎత్తకుండా వదిలేసిన పాత మలం కలిసిన మట్టిలోనూ, ఆ మట్టి అంటిన చేతిని నోట్లో పెట్టుకునే పసివాడిలోనూ ఉంటుంది. కడుపులోకి చేరిన గుడ్ల నుంచి వచ్చే లార్వాలు ఒక్కోసారి కంటిలోకి వెళ్లి చూపును దెబ్బతీస్తాయి. తల్లి కడుపులో ఉండగానే కుక్కపిల్లలకు ఈ పురుగులు సంక్రమిస్తాయి. అందుకే రెండు వారాల వయసు నుంచే వాటికి నులిపురుగుల మందు వేయిస్తారు. ఈ పని వైప్స్ వల్ల అయ్యేది కాదు.

పిల్లి విషయంలోనూ అంతే. టాక్సోప్లాస్మా అనే సూక్ష్మ పరాన్నజీవి పిల్లి మలంలో వస్తుంది, బయటపడ్డాక ఒకటి నుంచి ఐదు రోజుల్లో సంక్రమించే స్థితికి చేరుతుంది. పిల్లి మలవిసర్జనకు పెట్టే లిట్టర్ బాక్స్‌ను ప్రతిరోజూ శుభ్రం చేయడం, గర్భిణి ఉన్న ఇంట్లో ఆ పని మరొకరు చేయడం, పిల్లి ఒళ్లంతా తుడవడం కంటే ఎన్నో రెట్లు మేలు. తామర ఉన్న జంతువుకు చికిత్సే కావాలి, తుడుపు సరిపోదు.

ప్యాకెట్ మీద కుక్కపిల్ల పసిపాప చెంపను నాకుతున్న బొమ్మ ఉంది. కాళ్లు తుడిచి నోటిని స్వేచ్ఛగా వదిలేసే ఈ లెక్క నాకు అర్థం కాలేదు. కుక్కల లాలాజలంలో ఉండే క్యాప్నోసైటోఫాగా అనే బ్యాక్టీరియా ఆరోగ్యవంతులను అరుదుగానే బాధిస్తుంది గానీ, ప్లీహం తొలగించినవారికి, రోగనిరోధక శక్తి తగ్గినవారికి ప్రాణాంతకం కావచ్చు. పిల్లి నోటిలోని పాశ్చురెల్లా అనే బ్యాక్టీరియా వల్ల కాటు పడిన చోట ఒక్క రోజులోనే వాపు, నొప్పి మొదలవుతాయి.

నన్ను నిజంగా కలవరపెట్టినది లోపలి కరపత్రంలోని ఒక వాక్యం: జంతువు గీరిన చోట మన చర్మాన్ని కూడా దీనితోనే తుడుచుకోవచ్చని అందులో ఉంది. ఇది తప్పు. కాటైనా గీరైనా ఆ చోటును సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాల పాటు కడగాలి, తరువాత వైద్యుణ్ని కలవాలి. రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత మనిషి బతకడం దాదాపు అసాధ్యం. ఇక్కడ ఆలస్యానికి తావివ్వగల ఏ సలహా అయినా నేరంతో సమానం. పిల్లి గీరితే వచ్చే జ్వరానికి కారణమైన బార్టోనెల్లా అనే బ్యాక్టీరియాను మోసేది ఫ్లీల (బొచ్చులో ఉండి రక్తం పీల్చే చిన్న పురుగుల) మలం, అది గోళ్ల కింద చేరుతుంది. ఫ్లీలను ఈ వైప్స్ చంపవు.

చివరికి నేను చేయవలసిన మొదటి పని మూడో వారంలో చేశాను. తుడిచిన తరువాత పిల్లి ఒళ్లు నాక్కుని చొంగ కార్చడం చూసి, సన్నని అక్షరాల పదార్థాల పట్టిక చదివాను: బెంజాల్కోనియం క్లోరైడ్ అనే క్రిమిసంహారకం, టీ ట్రీ నూనె. మొదటిది నాకిన పిల్లులకు నోటి పుండ్లు తెప్పించగలదు, రెండోది పిల్లులకూ కుక్కలకూ విషపూరితమే. ప్యాకెట్ మాత్రం రెండింటికీ క్షేమమని చెబుతోంది. పశువైద్యుడి సలహాతో పిల్లిని గోరువెచ్చని నీళ్లతో కడిగి, దానికి వాడటం ఆపేశాను. అప్పటి నుంచి తడిపి పిండిన మెత్తని గుడ్డ దానికి చాలుతోంది. కుక్కకు కాళ్లు మాత్రమే తుడిచి, వెంటనే నీళ్లతో కడుగుతూ మూడు నెలలూ పూర్తి చేశాను, ఇక కొనను. ఐదుకు రెండు మార్కులు ఇస్తున్నాను, ఆ రెండూ బట్ట మందానికే.