హాలు బ్రహ్మాండం, సాధన గదులే బాగుచేయాలి

నేను యూనివర్సిటీ సంగీత విభాగంలో వయోలిన్ నేర్చుకుంటున్నాను. కొత్తగా చేరాలనుకునేవాళ్లు అందరూ ఆడిటోరియం ఎలా ఉంటుందనే అడుగుతారు. నేను మాత్రం సాధన గదుల గురించే ముందు చెప్తాను. ఎందుకంటే హాల్లో వాయించే అవకాశం ఎప్పుడో గానీ రాదు, సాధన గదిలో మాత్రం రోజూ గంటలకొద్దీ కూర్చోవాలి.

గదులు చాలానే ఉన్నాయి, పొద్దున్నే తెరుస్తారు, రాత్రి బాగా పొద్దుపోయేదాకా ఉంచుతారు, అది నిజంగా మెచ్చుకోవాల్సిన విషయం. కానీ పక్క గదిలో ఏం వాయిస్తున్నారో స్వరం స్వరం వినిపిస్తుంది. నేను ఒక్క స్వరం మీద నిలబడి శ్రుతి సరిచూసుకుంటుంటే పక్కన ట్రంపెట్ స్కేల్స్ మొదలవుతాయి, ఇక నా చెవి నా చేతిలో ఉండదు. దీనికి కారణం గోడలు కాదు, తలుపులు. లోపల లైటు ఆర్పి చూడండి, తలుపు కింద నుంచి కారిడార్ వెలుగు కనిపిస్తుంది. వెలుగు దూరే సందులోంచి శబ్దం రాకుండా ఎలా ఉంటుంది? దానికితోడు ఏసీ గొట్టం ఒక గది నుంచి ఇంకో గదికి నేరుగా వెళ్తుంది, తలుపు దగ్గర ఆగినదంతా అందులోంచి వచ్చేస్తుంది.

విద్యార్థులు గట్టిగా అడిగితే గోడలకు ఫోమ్ అంటించారు. ఉద్దేశం మంచిదే కానీ ఫోమ్ చేసే పని వేరు. గది లోపల మోత, అంటే వాయించడం ఆపాక కూడా గోడలకి తగిలి కాసేపు మిగిలే శబ్దం, తగ్గిస్తుందే తప్ప బయటి శబ్దాన్ని ఆపదు, ఆపాలంటే గోడకి బరువుండాలి, ఎక్కడా సందు ఉండకూడదు. పైగా పల్చటి ఫోమ్ పై స్థాయి శబ్దాలనే పీల్చుకుంటుంది, కింది స్థాయి శబ్దాల్ని వదిలేస్తుంది. దాంతో వయోలిన్ నాదంలో ఉండే మెరుపంతా పోతుంది, అది తిరిగి రాబట్టాలని కమాను ఇంకా నొక్కి వాయిస్తాం, కొన్నాళ్లకి అదే అలవాటైపోతుంది. ఫోమ్ లేని గదుల్లో ఇంకో బాధ. ఎదురెదురు గోడలు సమాంతరంగా, నున్నగా ఉంటాయి కాబట్టి ఒక్క చప్పట్లు కొడితే శబ్దం ఆ రెండిటి మధ్య టకటకమని కొట్టుకుంటూనే ఉంటుంది.

చెవుల సంగతి కూడా ఎవరూ పట్టించుకోవడం లేదు. పనిచేసేవాళ్ల ఆరోగ్యం, భద్రత మీద పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ (NIOSH) లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకి 8 గంటలకి మించి ఉండకూడదు, ఆపైన పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగానికి పడిపోతుంది, అంటే 94 దగ్గర ఒక్క గంటే. చిన్న గదిలో డ్రమ్స్, ట్రంపెట్ వాయించేవాళ్లకి ఆ 94 పెద్ద దూరమేం కాదు. వాళ్లకి పెద్ద గదులు కేటాయించాలి. ఇప్పుడు మాత్రం ఎవరు ముందు బుక్ చేసుకుంటే వాళ్లకే.

క్లాసు గదులు పర్వాలేదు, స్పీకర్లు మంచివి, బోర్డు పెద్దది. ఒక్కటే టెన్షన్: కుర్చీలన్నిటికీ చేతులు, రాసుకునే పలక ఉన్నాయి. వయోలిన్, చెల్లో వాళ్లకి మోచెయ్యి ఆడదు, క్లాసుకి ముందు పక్క గదుల్లోంచి స్టూళ్లు మోసుకొస్తాం.

ఇక హాలు. ఎక్కడా రాజీ పడలేదు. 1895లో హార్వర్డ్‌లో ఒక లెక్చర్ హాల్లో మోత వల్ల మాట అర్థం కావడం లేదని అక్కడి భౌతికశాస్త్ర అధ్యాపకుడు వాలెస్ సబీన్‌కి ఆ సమస్య అప్పగిస్తే, ఆయన పక్క థియేటర్ నుంచి కుర్చీల దిండ్లు తెచ్చి పరుస్తూ, శబ్దం చల్లారడానికి ఎన్ని సెకన్లు పడుతుందో రాత్రిపూట కొలిచాడు. గది ఘనపరిమాణం ఎంత, లోపలివి ఎంత శబ్దం పీల్చుకుంటాయి అన్న రెండిటి మీదే మోత ఆధారపడుతుందని అక్కడే తేలింది. మా హాల్లో పక్క గోడలకి బరువైన తెరలు పెట్టింది సరిగ్గా ఇందుకే. ఆర్కెస్ట్రాకి సుమారు 2 సెకన్ల మోత ఉంటే నిండుగా ఉంటుంది, మాటకి ఒక సెకను దాటితే తడబాటే. తెరలు తీస్తే తీగ వాద్యాలు, బృందగానం వికసిస్తాయి, వేస్తే మృదంగం ప్రతి దెబ్బా విడిగా వినిపిస్తుంది. వాటిని ఎప్పుడు వేయాలో తెలిసిన మనిషి ఒకరు కార్యక్రమాలప్పుడు ఉంటే ఇంకా బాగుంటుంది, చాలాసార్లు ఎలా ఉన్నవి అలాగే వదిలేస్తున్నారు. సీట్లకి మెత్త ఉండటం వల్ల ఖాళీ హాల్లో రిహార్సల్ చేసినా, నిండిన రోజు వాయించినా పెద్దగా తేడా తెలియదు. స్టేజి వెనక తలుపు పెద్ద పియానో పట్టేంత వెడల్పు, నేల ఒకే మట్టం.

ఆ పియానోకి ప్రతి కచేరీకి ముందు శ్రుతి చేయిస్తారు. సాధన గదుల్లోవి మాత్రం నెలల తరబడి అలాగే ఉంటాయి. పగలు ఏసీ, రాత్రి ఆపేయడం, దాంతో గాలిలో తేమ పెరిగి తగ్గుతుంటే చెక్క ఉబ్బి కుంచించుకుపోతుంది, శ్రుతి జారిపోతుంది. నేర్చుకునేవాడి చెవి తయారయ్యేది ఈ పియానోల మీదే కదా!

నా మార్కులు హాలుకి అయిదుకి నాలుగున్నర, క్లాసు గదులకి మూడు, సాధన గదులకి రెండు. చేరేముందు చూడ్డానికి వెళ్లేవాళ్లు గదులన్నీ నిండి ఉండే సాయంత్రం పూట వెళ్లండి, లోపల తలుపు వేసుకుని పది నిమిషాలు మెల్లగా వాయించి చూడండి. విభాగం వాళ్లు ఇది చదివితే, కొత్త భవనం దాకా ఆగక్కర్లేదు, ముందు తలుపుల అంచులకి రబ్బరు పట్టీలు వేయించండి, ఈ సెలవుల్లోనే అయిపోతుంది.