ఏమ్స్ టెస్ట్ కిట్: నాలుగు నెలలు వాడాక

రసాయనం డీఎన్ఏని మారుస్తుందేమో బాక్టీరియాతో తేల్చే ఏమ్స్ టెస్టుకి పదకొండేళ్లుగా ప్లేట్లు పోస్తున్నదాన్ని. అందుకే 384 గుంటల ప్లేట్లో చేసే రెడీమేడ్ కిట్ తెప్పిద్దామని మా బాస్ అంటే నాకు పెద్దగా రుచించలేదు. నాలుగు నెలలయ్యాక నా మాట: తొలి వడపోతకి బాగుంది. దాంతో వాడే ఎస్‌9 అనే ద్రవం విషయంలో మాత్రం కంపెనీ మాట గుడ్డిగా నమ్మకండి.

సూత్రం పాతదే, 1970లలో బ్రూస్ ఏమ్స్ చూపించిందే. పెరగడానికి కావాల్సిన హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని సొంతంగా తయారు చేసుకోలేని సాల్మొనెల్లా బాక్టీరియాకి మన రసాయనం తగిలిస్తాం. అది డీఎన్ఏని మారిస్తే కొన్ని కణాలకి పోయిన శక్తి తిరిగొచ్చి, హిస్టిడిన్ లేకపోయినా పెరుగుతాయి. ప్లేటు మీదైతే కాలనీలు లెక్కపెట్టుకోవాలి. ఇందులో బాక్టీరియా పెరిగిన గుంట ఊదా రంగు నుంచి పసుపుకి తిరుగుతుంది. రెండు రోజుల తర్వాత పసుపు గుంటలు లెక్కపెడితే సరి. కళ్లకి ఎంత హాయో!

అసలు లాభం శాంపిల్ ఆదా. ప్లేట్ పద్ధతిలో పై డోసే ప్లేటుకి 5 మిల్లీగ్రాములు. కెమిస్ట్రీ వాళ్లు కొత్త పదార్థం 20 మిల్లీగ్రాములు చేతిలో పెట్టి 'చూసిపెట్టండి మేడమ్' అంటే ఇన్నాళ్లూ చేతులెత్తేసేవాళ్లం. ఇప్పుడు ఆ బాధ లేదు.

ఇక ఎస్‌9. ఎలుక కాలేయం నుంచి తీసిన ఎంజైముల ద్రవం అది. చాలా రసాయనాలు కాలేయంలో మారాకే ప్రమాదకరమవుతాయి కాబట్టి అది లేకపోతే సగం టెస్టు లేనట్టే. రెండో ఆర్డర్ వచ్చినప్పుడు డబ్బాలో డ్రై ఐస్ గుప్పెడు కూడా లేదు. ఒక వయల్ వంచి చూస్తే లోపల ద్రవం కదిలింది. మైనస్ 80 డిగ్రీల్లో గడ్డకట్టి ఉండాల్సిన సరుకు! ఫోన్ చేస్తే, 'కిట్‌లో ఇచ్చిన పాజిటివ్ కంట్రోల్ పాసైతే ఎస్‌9 బాగున్నట్టే' అన్నారు. పాజిటివ్ కంట్రోల్ అంటే తప్పకుండా పాజిటివ్ రావాల్సిన రసాయనం. నిజమే, అందుకని వాళ్లిచ్చిన 2-అమైనోఆంత్రసీన్‌తో గుంటలు చక్కగా పసుపెక్కాయి. నా మనసు ఊరుకోక, ఎస్‌9 బాగుంటే పాజిటివ్ రావాల్సిన ఇంకో రసాయనం, మా దగ్గరున్న బెంజోపైరీన్ కూడా పెట్టాను. ప్లేటంతా ఊదాయే, అక్కడక్కడా నాలుగు పసుపు చుక్కలు తప్ప. ఎస్‌9 బాగోగులు తేల్చడానికి 2-అమైనోఆంత్రసీన్ ఒక్కటే చాలదని ఈ టెస్టుకి అంతర్జాతీయ సంస్థ ఓఈసీడీ ఇచ్చిన 471వ మార్గదర్శకంలోనే ఉంది. అది చూపించాకే కొత్త వయల్స్ పంపారు, అదీ మూడు వారాలకి. నేను గమనించకపోయుంటే ఎన్ని శాంపిళ్లకి 'నెగెటివ్' ముద్ర వేసేదాన్నో.

ఇంకో చిరాకు: శాంపిల్ తనే పసుపు రంగైతే గుంట చదవడం కష్టం. నైట్రో పదార్థాలతో ఇది తరచూ వస్తుంది. అంచు గుంటలు ఆరిపోతాయి కూడా. జిప్ కవర్లో తడి టిష్యూ పెట్టి ఇంక్యుబేట్ చేయండి, మాన్యువల్‌లో ఇది లేదు.

మేం కొన్నదాంట్లో టీఏ98, టీఏ100 అని రెండే బాక్టీరియా రకాలు (స్ట్రెయిన్లు). అనుమతుల కోసం నియంత్రణ సంస్థలకి ఇచ్చే ఫైలింగ్‌కి అయిదు కావాలి, కాబట్టి అక్కడ ప్లేట్లు తప్పవు. నైట్రోసమైన్లకైతే దీన్ని అసలు నమ్ముకోవద్దు. 2018లో వల్సార్టాన్ అనే బీపీ మందులో నైట్రోసమైన్ మలినాలు బయటపడ్డ గొడవ తర్వాత వాటికి ఎలుకతో పాటు హామ్‌స్టర్ ఎస్‌9 కూడా 30 శాతం వేసి చేయమంటున్నారు, ఇందులో హామ్‌స్టర్ ఊసే లేదు. అన్నట్టు, నెగెటివ్ వచ్చిందని మెయిల్లో 'క్యాన్సర్ రాదు' అని రాసేయకండి. డీఎన్ఏని నేరుగా ముట్టుకోకుండా క్యాన్సర్ తెచ్చేవి ఈ టెస్టుకి దొరకవు. మా జూనియర్ ఒకసారి అలాగే రాశాడు, సరిదిద్దేసరికి ఆ మెయిల్ ముగ్గురు మేనేజర్లు దాటింది.

అయిదుకి మూడున్నర ఇస్తా. ఆ అర పోయింది డ్రై ఐస్‌కి, ఒకటి ఆ ఫోన్ జవాబుకి. కరిగిన వయల్స్ రెండింటి మీద ఎర్ర మార్కర్‌తో 'వాడొద్దు' అని రాసి ఫ్రీజర్లోనే ఉంచాను. వాళ్ల సేల్స్ మనిషి వచ్చే నెల వస్తాడట.