రాత్రి పదకొండున్నరకి వికీపీడియా: డబ్బు ఖర్చు లేదు, నిద్రే ఖర్చు

వికీపీడియాకి కూడా రివ్యూ ఏంట్రా అని మా బావ అప్పుడే మొదలుపెట్టాడు. పిల్లల స్కూలు ప్రాజెక్టు కోసం తెరిచే వికీపీడియా గురించి కాదు బావా నేను రాసేది. ఏ పనీ లేకుండా ఫోన్‌లో తెరిచి, ఒక నీలం లింకు నుంచి ఇంకో నీలం లింకుకి పోతూ పోతూ, "ఇది నిజంగా జరిగిందా?" అనిపించే పేజీ ఒకటి దొరికితే దాన్ని పట్టుకొచ్చి ఫ్యామిలీ గ్రూపులో పడేసే జనం ఉంటారు చూడండి, వాళ్ల కోసం. ఆ పనికి ఇది ఎంత బాగుంటుంది, ఎక్కడ విసిగిస్తుంది అన్నదే ఇక్కడ సంగతి. మార్కులు ముందే చెప్పేస్తా, 5కి 4. ఆ పోయిన ఒక్క మార్కు ఎక్కువగా తెలుగు వైపు పోయింది, ఎందుకో కింద చెప్తా.

ముందు వాడే పద్ధతి. చాలామంది "యాదృచ్ఛిక పేజీ" అనే బటన్ నొక్కుతూ కూర్చుంటారు. అది దండగ. ఇంగ్లీషులో వ్యాసాలు 70 లక్షలు దాటాయి, అందులో కళ్లు మూసుకుని చెయ్యి పెడితే ఏం తగులుతుంది? ఏదో పురుగు జాతి, ఎవరో మూడో డివిజన్ ఫుట్‌బాల్ ఆటగాడు, పోలాండ్‌లో ఒక పల్లెటూరు. వింతలే కావాలంటే ఇంగ్లీషు వికీపీడియాలో అసాధారణ వ్యాసాల జాబితా అని అక్కడ రాసేవాళ్లే కట్టుకున్న పేజీ ఒకటి ఉంది, మొదటిసారి వెళ్లేవాళ్లు అక్కణ్ణుంచి మొదలుపెట్టొచ్చు. నా లెక్కలో అయితే అన్నిటికంటే మంచి దారి వ్యాసం అడుగున ఉండే "ఇవి కూడా చూడండి". ఒక వింత పక్కనే ఇంకో వింతని పెట్టి ఉంచుతారు అక్కడ.

అలా సరిహద్దుల గురించి ఏదో చదువుతూ పోతే తగిలేదే దహాలా ఖగ్రాబరి. దాదాపు ఎకరం డెబ్బై సెంట్ల జనపనార పొలం. అది భారతదేశానిది. దాని చుట్టూ ఉన్న ఊరు బంగ్లాదేశ్‌ది. ఆ ఊరి చుట్టూ మళ్లీ భారత భూమి, ఆ భూమి చుట్టూ మళ్లీ బంగ్లాదేశ్. పొలం యజమాని పక్క ఊళ్లో ఉండే బంగ్లాదేశ్ రైతే, అంటే రోజూ పొద్దున్నే పొలానికి వెళ్లాలంటే ఆయన వేరే దేశానికి వెళ్లాలి. ప్రపంచంలో ఇన్ని పొరలున్న ముక్క ఇదొక్కటే ఉండేది. 2015 ఆగస్టు 1న రెండు దేశాలూ ఇలా చిక్కుకుపోయిన ముక్కలు 162, అందులో భారత్‌వి 111, బంగ్లాదేశ్‌వి 51, మార్చేసుకున్నాయి, ఆ పొలం బంగ్లాదేశ్‌లో కలిసిపోయింది. సర్వే నంబరు తగాదాలో ఏళ్ల తరబడి తిరుగుతున్నవాళ్లు మీ చుట్టాల్లో ఎవరైనా ఉంటే ఈ పేజీ పంపండి, వాళ్ల కష్టం కాస్త చిన్నగా కనిపిస్తుంది.

ఇలాంటివి ఇంకోచోట చదివితే రాని మజా ఇక్కడ ఎందుకు వస్తుందంటే, రాసిన తీరు వల్ల. బోస్టన్ మొలాసిస్ వరద పేజీ చూడండి. 1919 జనవరి 15న 50 అడుగుల ఎత్తున్న ట్యాంకు పగిలి 87 లక్షల లీటర్ల మొలాసిస్, పంచదార తీశాక మిగిలే చిక్కటి మడ్డి, వీధుల్లోకి ఎగదన్నుకొచ్చింది. గంటకి 56 కిలోమీటర్ల వేగం. 21 మంది చనిపోయారు. ఇదంతా చదువుతూ ఉంటే మధ్యలో ఒక మాట వస్తుంది: ఆ ట్యాంకు కట్టినప్పటినుంచీ కారుతూనే ఉంది, కంపెనీ వాళ్లు దాన్ని బాగు చేయించలేదు, కారింది కనపడకుండా ట్యాంకుకి గోధుమరంగు వేయించారు. అంతే, తర్వాతి వాక్యం. ఇదే టీవీలో అయితే ముందు పదిహేను సెకన్లు మ్యూజిక్ కొట్టి, యాంకర్ కళ్లు పెద్దవి చేసి, "షాకింగ్ నిజం" అని ఎర్రక్షరాలు తిప్పి, ఆ తర్వాత ప్రకటనలకి వెళ్లిపోయేవాళ్లు. ఇక్కడ తహసీల్దారు ఆఫీసు రిపోర్టులా చల్లగా రాసి, పక్కన మూలం చూపే చిన్న అంకె వేసి వదిలేస్తారు. ఆశ్చర్యపోవడం మన వంతు. నేనైతే ఈ ఒక్క గుణానికే రెండు మార్కులు ఇస్తా.

ఆస్ట్రేలియా వాళ్లు 1932లో ఈము పక్షుల మీదకి మెషిన్ గన్లతో సైన్యాన్ని పంపి చివరికి చేతులెత్తేసిన కథ మాత్రం దయచేసి ఎవరికీ పంపకండి. అరిగిపోయింది. పైగా మన దగ్గర ఈము ఫారాలు పెట్టి లక్షలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు, వాళ్లకి పొరపాటున వెళ్తే చుట్టరికాలు తెగుతాయి.

ఎవరికి ఏది పంపాలి అన్నది కూడా చూసుకోవాలి మరి. ఉత్తరప్రదేశ్ ఆజంగఢ్ జిల్లా లాల్ బిహారీ పేజీ నాకు చాలా ఇష్టం. 1975 నుంచి 1994 దాకా ఆయన రికార్డుల్లో చనిపోయిన మనిషి. లోను కోసం వెళితే ఆ సంగతి తెలిసింది, పొలం కోసం సొంత చుట్టాలే చేయించారు. బతికే ఉన్నానని రుజువు చేసుకోడానికి ఎన్నికల్లో నిలబడ్డాడు, తన భార్యకి వితంతువులకిచ్చే పరిహారం ఇమ్మని అడిగాడు, పేరు చివర "మృతక్" అని తగిలించుకున్నాడు, తనలాంటి వాళ్లందరితో మృతకుల సంఘమే పెట్టాడు. 2003లో ఆయనకి ఇగ్ నోబెల్, అంటే ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పనులకిచ్చే సరదా బహుమతుల్లో, శాంతి బహుమతి ఇచ్చారు. నేను కడుపుబ్బా నవ్వుకుని, ఏటా నవంబరులో పెన్షన్ కోసం లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే మా పెదనాన్నకి పంపాను. ఆయన నవ్వలేదు. "ఇందులో వింతేముందిరా" అన్నారు.

అసలు మజా మాత్రం మన ఊళ్లే దొరికినప్పుడు. "హీలియం గుంటూరులో కనిపెట్టారు" అని ఒక ఫార్వర్డ్ తిరుగుతూ ఉంటుంది కదా, దాని వెనకాల పేజీలు చదివితే కథ అంత సూటిగా లేదు, అంతకంటే బాగుంది. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణం కోసం ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త గుంటూరు వచ్చాడు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పోగ్సన్ బందరు వెళ్లాడు. సూర్యుడి అంచున లేచే మంటల వెలుగుని రంగులుగా విడగొట్టి చూస్తే గీతలు కనిపించాయి. జాన్సెన్‌కి అవి ఎంత ప్రకాశంగా కనిపించాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చు అనుకుని మర్నాడే చూసేశాడు. అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ అనే ఖగోళ శాస్త్రవేత్త కూడా గ్రహణం అవసరం లేకుండానే పసుపు గీత చూశాడు, అది తెలిసిన ఏ మూలకానిదీ కాదన్న మాట అక్కణ్ణుంచే మొదలైంది. ఆ గీత తాలూకు వాయువు భూమ్మీద చేతికి చిక్కింది 1895లో. ఒక్క హీలియంలో గుంటూరుకి, బందరుకి, లండనుకి తలా కొంచెం వాటా. ఫార్వర్డ్ చేసేవాళ్లు ఇది చదివి చేస్తే ఎంత బాగుండు.

యానాం దగ్గరైతే నేను ఒక రాత్రంతా ఉండిపోయాను. చుట్టూ గోదావరి జిల్లాలు, మధ్యలో 30 చదరపు కిలోమీటర్ల ఫ్రెంచి ముక్క, 1954 దాకా. ఆ ఏడాది జూన్ 13న జరిగిన తిరుగుబాటుకి ఇంగ్లీషులో "కూ దెతా" (అధికారాన్ని బలవంతంగా లాక్కోవడం) అనే పేరుతో విడిగా వ్యాసం ఉంది, ఆ పేరు చూస్తే ఏ దక్షిణ అమెరికా దేశంలోనో అయిందేమో అనిపిస్తుంది. కానీ నన్ను పట్టేసింది ఇంకో వివరం. 1929లో శారదా చట్టం వచ్చాక బ్రిటిష్ వాళ్ల కింద బాల్యవివాహం నేరం. యానాం ఫ్రెంచి వాళ్లది, ఆ చట్టం అక్కడ చెల్లదు. ఇంకేముంది, చుట్టుపక్కల వాళ్లు పిల్లల్ని తీసుకుని యానాం పోయి, పెళ్లి కానిచ్చుకుని ఇంటికొచ్చేసేవాళ్లు. కల్యాణపురం అని పేరు కూడా పడింది ఊరికి. దీన్ని గ్రూపులో పెట్టగానే మా పిన్ని, "మా మామ్మ పెళ్లి యానాంలోనే అయింది, ఎందుకో ఎవరూ చెప్పలేదు ఇన్నాళ్లు" అని పెట్టింది. ఆ తర్వాత గుడ్ మార్నింగ్ పువ్వులు ఆగిపోయి ఎవరి పెళ్లి ఎక్కడైంది, అప్పటికి ఎన్నేళ్లు అనే లెక్కలే నడిచాయి. ఒక లింకు ఇంతకంటే ఏం చేయాలి?

హైదరాబాద్ వాళ్ల కోసం ఒకటి: హైదరాబాద్ నిధుల కేసు. 1948 సెప్టెంబరులో, నిజాం సైన్యం లొంగిపోయిన మూడు రోజులకి, లండన్ బ్యాంకులో ఉన్న 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు పాకిస్తాన్ హైకమిషనర్ పేరున ఉన్న ఖాతాలోకి మారిపోయాయి. వారానికే నిజాం వెనక్కిమ్మన్నాడు. బ్యాంకు ఇవ్వలేదు, ఎవరికీ ఇవ్వలేదు. 2019 అక్టోబరులో తీర్పు వచ్చి నిజాం వారసులకీ భారతదేశానికీ దక్కేనాటికి అది మూడున్నర కోట్ల పౌండ్లయింది. ఆ 9 షిల్లింగులు చూడండి, అవి లేకపోతే కథలో రుచి లేదు.

ఇప్పుడు ఆ పోయిన మార్కు. తెలుగు వికీపీడియా 2003లో మొదలైంది, వ్యాసాలు లక్ష దాటాయి, రాసేవాళ్లందరూ జీతం లేకుండా రాస్తున్నవాళ్లే, అందుకని నోరు జారకూడదు అనుకుంటూనే రాస్తున్నా. వింతల కోసం వచ్చేవాడికి ఇక్కడ ఆకలి తీరదు. యాదృచ్ఛిక పేజీ నొక్కితే ఊరు, మళ్లీ నొక్కితే ఇంకో ఊరు, ఆ తర్వాత ఒక సినిమా, మళ్లీ ఊరు. ఊరి పేజీ అంటే జనగణన నుంచి దించిన అచ్చు: ఎన్ని ఇళ్లు, ఎంత జనాభా, ఎన్ని హెక్టార్లు, బాలబడి ఎక్కడ, పాలిటెక్నిక్ ఎంత దూరం, బోరుబావులున్నాయా, బంజరు ఎంత. సొంత ఊరు కనిపిస్తే మాత్రం ఆ అంకెల్ని కూడా వరసగా చదువుతాం, అది వేరే సంగతి. కొన్ని పేజీలు ఇంగ్లీషు నుంచి దించినవి, "చేత చేయబడినది", "గా పరిగణించబడుతుంది" అంటూ సాగుతాయి, చదివేవాడు మళ్లీ ఇంగ్లీషులోకి మార్చుకుంటే తప్ప అర్థం కాదు. మన గడ్డ మీద జరిగిన వింతలకి కూడా చాలాసార్లు ఇంగ్లీషు పేజీకే పోవాల్సి వస్తోంది, అక్కడే నాకు మండుతుంది.

అయినా వందేళ్ల కిందటి సంగతి గుర్తు తెచ్చుకుంటే కోపం చల్లారుతుంది. కొమర్రాజు లక్ష్మణరావు గారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టి మూడు సంపుటాలు తెచ్చి 1923లో పోయారు. మూడు సంపుటాలు వచ్చినా ఇంకా "అ" దగ్గరే ఉన్నారు.

నమ్మొచ్చా అంటారా? చాలావరకు. ఇంగ్లీషులో బిచోలిం యుద్ధం అని ఒక వ్యాసం ఉండేది, గోవాలో పోర్చుగీసు వాళ్లకీ మరాఠాలకీ 1640ల నాటి పోరు, సుదీర్ఘంగా, పుస్తకాల పేర్లతో సహా. "మంచి వ్యాసం" అని ముద్ర కూడా పడింది. మొత్తం కల్పన. ఆ యుద్ధం జరగలేదు, ఆ పుస్తకాలూ లేవు. 2007 నుంచి 2012 దాకా ఎవరూ పట్టుకోలేదు. అందుకే మరీ నోరూరించే వింత కనిపిస్తే కింద మూలాలు ఒక్కసారి నొక్కి చూడండి, పైన "చరిత్ర" నొక్కితే ఏ మార్పు ఎప్పుడు జరిగిందో మొత్తం కనిపిస్తుంది. "చర్చ" పేజీలు కూడా వదలకండి, అసలు వినోదం అక్కడే. ఇంగ్లీషులో పెరుగు వ్యాసం పేరులో ఒక అక్షరం ఉండాలా వద్దా అని ఏళ్ల తరబడి కొట్టుకుని 2011లో తేల్చారు.

యాప్ బాగుంది, ప్రకటనలు లేవు, లింకు మీద వేలు పెడితే పేజీ మారకుండా చిన్న ముక్క చూపిస్తుంది, రైల్లో సిగ్నల్ పోయినా చదువుకునేలా వ్యాసం దాచుకోవచ్చు. అప్పుడప్పుడు చందా అడిగే బ్యానర్ ఒకటి సగం స్క్రీన్ ఆక్రమిస్తుంది, దానికి నేనేం అనను. మీకు వెతికే ఓపిక లేకపోతే ఇన్‌స్టాగ్రామ్‌లో డెప్త్స్ ఆఫ్ వికీపీడియా అని ఒక ఖాతా ఉంది, 2020 లాక్‌డౌన్‌లో అమెరికాలో ఒక స్టూడెంట్ మొదలుపెట్టింది, ఈ వింతల్నే స్క్రీన్‌షాట్లు తీసి పెడుతుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ మన యానాం, మన బందరు అందులో ఎందుకొస్తాయి, అవి మనమే ఏరుకోవాలి.

పంపేవాళ్లకి ఒక మాట. తెలుగు పేజీ లింకు కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే చాలాసార్లు ఊరి పేరు మాయమై, శాతం గుర్తులూ అంకెలూ కలిసి నాలుగు లైన్ల చెత్త వస్తుంది, మా పెదనాన్న అది చూసి వైరస్ అని డిలీట్ చేసేస్తారు. కంప్యూటర్‌లో తెరిస్తే టూల్స్ మెనూలో పొట్టి లింకు ఇచ్చే ఆప్షన్ ఉంది, అది వాడండి. లింకు ఒక్కటే పంపితే ఎవరూ నొక్కరు, ఆ గోధుమరంగు లాంటి వాక్యం ఒకటి కాపీ చేసి పైన పెట్టండి, అప్పుడు నొక్కుతారు.