మల్లి భుజం మీద షుగర్ సెన్సర్: రెండున్నరేళ్ళు వాడాక

పొద్దున ఏడింటికి మల్లికి షుగర్ 380 ఉంటే డోసు చాలట్లేదని అనుకునేవాళ్ళం. ఎవరైనా అదే అనుకుంటారు. నాలుగు యూనిట్ల ఇన్సులిన్‌తో మొదలుపెట్టి ఐదు, ఆరు, ఎనిమిది అంటూ తొమ్మిది దాకా వెళ్ళాం. పదకొండు కిలోల కుక్కకు పొద్దున తొమ్మిది, రాత్రి తొమ్మిది. అయినా పొద్దున చూస్తే మళ్ళీ 370, 390. రోజుకు రెండు లీటర్ల నీళ్ళు తాగేది. హాలు నిండా పాత దుప్పట్లు, పేపర్లు పరిచి ఉంచేవాళ్ళం.

సెన్సర్ పెట్టిన రెండో రోజు అసలు సంగతి బయటపడింది. మధ్యాహ్నం పన్నెండున్నరకు దాని షుగర్ 52.

రోజూ ఆ వేళకు మల్లి బాల్కనీ తలుపు పక్కన పడుకుని ఉంటుంది. పిలిస్తే తోక ఒక్కసారి కదిపి మళ్ళీ తల వాల్చేసేది. తొమ్మిదేళ్ళు వచ్చాయి, చెన్నై పెరంబూరు ఎండకు పడుకుందిలే అనుకుని నేను పక్క గదిలో ఆఫీసు కాల్స్ చూసుకునేదాన్ని. అది నిద్ర కాదు, షుగర్ పడిపోయిన నీరసం. ఎన్ని వారాలు అలా పడి ఉందో తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

సెన్సర్ ఫోన్‌లో గీసి చూపించే షుగర్ హెచ్చుతగ్గుల గీతను డాక్టరుగారికి వాట్సాప్‌లో పంపిస్తే పది నిమిషాల్లో ఫోన్ చేశారు. షుగర్ మరీ పడిపోతే ఒళ్ళు ఊరుకోదట. కాలేయంలో దాచుకున్నది రక్తంలోకి వదిలేస్తుంది, ఇన్సులిన్‌కు ఎదురు పనిచేసే హార్మోన్లు లేస్తాయి. అందుకే మధ్యాహ్నం 52 ఉన్నది సాయంత్రం ఐదుకల్లా 430. ఆ పోటు మర్నాడు పొద్దునకు కూడా దిగట్లేదు. మేమేమో ఆ పొద్దుటి అంకె చూసి డోసు పెంచుతున్నాం, మర్నాడు మధ్యాహ్నం అది ఇంకా కిందికి పోతోంది. ఆవిడ తొమ్మిదిని ఆరు చేశారు. తగ్గిస్తే తగ్గుతుందంటే నాకు నమ్మకం కలగలేదు. పది రోజులు తిరిగేసరికి పొద్దుటి అంకె 240కి వచ్చింది. నీళ్ళు ఏడు వందల మిల్లీలీటర్లకు దిగాయి. దుప్పట్లు ఉతికి అటక మీద పెట్టేశాను.

అంతకుముందు పరీక్షలు చేయించలేదని కాదు. ఒక క్లినిక్‌లో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా రెండు గంటలకోసారి రక్తం తీసి చూశారు. ఆ రోజు భయంతో అది అన్నం ముట్టలేదు, అందుకని ఇన్సులిన్ సగమే వేశారు. అలాంటి రోజు లెక్క ఇంట్లో గడిచే రోజుకు ఎలా సరిపోతుంది? సెన్సర్‌లో నాకు ప్రాణం లేచొచ్చింది ఇక్కడే. కుక్క తన చోట తాను, తన అన్నం తిని, తన నిద్ర పోతూ ఉండగా రోజంతా ఏం జరిగిందో గీత గీసి చూపిస్తుంది. పదిహేను నిమిషాలకు ఒక చుక్క. మిగతా హంగులన్నీ లేకపోయినా నాకు ఫరవాలేదు.

ఇది మనుషుల కోసం చేసిన వస్తువు. పెట్టె మీద కుక్క మాటే ఉండదు, బొమ్మల్లో అందరూ మోచేతి పైన పెట్టుకుని నవ్వుతుంటారు. మొదటిది చేతిలో పట్టుకున్నప్పుడు నాకు ఒకటే అనిపించింది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్ పనిచేస్తుందా లేదా అని చూసింది కుక్కల మీదే. వాటి పుణ్యాన మనుషులు బతికారు. ఆ మనుషుల కోసం చేసిన వస్తువు ఇన్నేళ్ళకు ఒక కుక్క భుజం మీదికి రావడంలో న్యాయం ఉంది.

పెట్టడం మొదట డాక్టరుగారే చేశారు, ఇప్పుడు మా ఆయనా నేనూ చేసుకుంటున్నాం. భుజం వెనక పూరీ అంత మేర ట్రిమ్మర్‌తో వెంట్రుకలు తీసేయాలి. స్పిరిట్‌తో తుడిచాక అది పూర్తిగా ఆరాలి. ఇక్కడ తొందరపడితే రెండో రోజే ఊడిపోతుంది. అంటించే వైపు డాక్టరుగారు ఇచ్చిన జిగురు రెండు చుక్కలు వేసి, గట్టిగా నొక్కి, నిమిషం పాటు అరచెయ్యి తీయకుండా ఉంచాలి. ఠప్ మని చప్పుడవుతుంది, మల్లి చెవులు వెనక్కి పెడుతుంది, అంతే. పైన మా బాబు చిన్నప్పటి చేతుల బనీను తొడుగుతాం. గంట తర్వాత అంకెలు రావడం మొదలవుతుంది.

మల్లికి ఇప్పుడు కళ్ళు కనిపించవు. సెన్సర్ మా ఇంటికి రాకముందే రెండు కళ్ళలోనూ శుక్లాలు వచ్చేశాయి. షుగర్ వచ్చిన కుక్కల్లో చాలావాటికి ఏడాది తిరిగేలోపే ఇలా అవుతుందట. 2022లో ఎదకు వచ్చి వెళ్ళిన రెండు నెలలకు దానికి షుగర్ బయటపడింది. పిల్లల సంచి తీయించని ఆడకుక్కల్లో ఆ రోజుల హార్మోన్లు ఇన్సులిన్‌ను పనిచేయనివ్వవని అప్పుడే తెలిసింది. ముందే ఆపరేషన్ చేయించి ఉంటే అన్న మాట నా మనసులోంచి పోదు. చూపు లేకపోయినా, అంకె చూడడానికి ఫోన్ సెన్సర్ దగ్గర పెడితే పీప్ మనే చప్పుడు దానికి బాగా తెలుసు. నేను ఫోన్ పట్టుకుని కింద కూర్చుంటే గోడను రాసుకుంటూ వచ్చి, ఎడమ భుజం నా మోకాలికి ఆనించి నిలబడుతుంది. చప్పుడు వినిపించాక కదులుతుంది.

గీత ఇంకోసారి కూడా మమ్మల్ని కాపాడింది. మల్లికి వాడేది మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్. దానికి ఎర్ర మూత సిరంజి కావాలి. ఒకసారి మందుల షాపులో నారింజ మూతవి ఇచ్చారు, అవి 100 యూనిట్ల ఇన్సులిన్‌కు. రెండూ ఒకేలా ఉంటాయి, నేనూ చూసుకోలేదు. నారింజ మూత సిరంజిలో ఆరో గీత దాకా లాగితే వెళ్ళేది రెండున్నర యూనిట్లు కూడా కాదు. మూడు రోజులు గీత బల్లపరుపుగా నాలుగొందల పైనే నడిచింది. ఇన్సులిన్ పాడైందనుకుని కొత్త సీసా తెరిచాను. అదీ పనిచేయలేదు. రాత్రి చెత్తబుట్టలో మూత రంగు కనిపించి గుండె ఆగినంత పనైంది. ఇదే తిరగబడి, 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజితో ఇచ్చి ఉంటే రెండున్నర రెట్లు వెళ్ళేది. ఇప్పుడు షాపులోనే, కౌంటర్ ముందే, పెట్టె తెరిచి మూత చూసి తీసుకుంటాను.

సాయంత్రం నాలుగున్నరకు రోజూ ఒక చిన్న మిట్ట కనిపిస్తుంటే అత్తయ్యను అడిగాను. "ఒక్క మారీ బిస్కెట్టే కదమ్మా, నేను తింటుంటే అది అలా మొహం పెట్టుకుని కూర్చుంటే నాకు దిగుతుందా?" అన్నారు. గీత చూపించాను. ఆవిడకూ షుగరే, గీతను నాకంటే బాగా అర్థం చేసుకున్నారు. మర్నాటి నుంచి ఆ వేళకు ఉడికించిన బీన్స్ రెండు ముక్కలు పెడుతున్నారు.

ఇంత చెప్పాను కదా, ఆ రాత్రి సంగతి కూడా చెప్పాలి.

2024లో, ఎనిమిదో సెన్సర్ మీద. రాత్రి రెండూ నలభైకి మెలకువ వచ్చి, అలవాటుగా ఫోన్ దాని భుజం దగ్గర పెట్టాను. అంకె రాలేదు, 'ఎల్ ఓ' అని రెండు అక్షరాలు వచ్చాయి. నలభై కంటే తక్కువైతే అలాగే చూపిస్తుంది. పక్కన కిందికి బాణం గుర్తు. నా కాళ్ళు ఆడలేదు. మా ఆయన్ని లేపాను, వంటింట్లోంచి తేనె సీసా తెచ్చాను. మూత బిగుసుకుపోయింది, చీర చెంగుతో పట్టి తిప్పాను. వేలితో తేనె తీసి దాని చిగుళ్ళకు రాశాను. నోట్లో పోయకూడదు, స్పృహ తప్పుతుంటే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చిగుళ్ళకే రాయాలి. అత్తయ్య లేచొచ్చి దాని తల ఒళ్ళో పెట్టుకున్నారు. మా ఆయన దాని చెవి అంచున సూది గుచ్చి గ్లూకోమీటర్‌తో చూస్తే 168. ఇప్పుడే తేనె రాశాం కాబట్టి ఎక్కిందేమో, మళ్ళీ పడిపోతుందేమో అని ఇంకో రెండు వేళ్ళ తేనె రాశాను. వేపేరి పశువుల ఆసుపత్రికి బయలుదేరదామని కారు తాళాలు తీశారు. మల్లి లేచి నిలబడి, ఒళ్ళు దులుపుకుని, నా వేళ్ళు నాకింది. నాలుగింటికి దాని షుగర్ 430.

పొద్దున డాక్టరుగారు అడిగిన మొదటి మాట, "ఏ వైపు తిరిగి పడుకుంది?"

ఎడమ వైపు. సెన్సర్ మీదే. అది రక్తంలో షుగర్ కొలవదు, చర్మం కింద కణాల మధ్య ఉండే నీటిలో కొలుస్తుంది. పైన బరువు పడి అక్కడ నొక్కుకుపోతే అంకె పడిపోతుంది. కుక్క బాగానే ఉంటుంది, ఫోన్ మాత్రం ప్రమాదం అంటుంది. తేనె రాయడం తప్పు కాదన్నారు. ఒక రాత్రి షుగర్ ఎక్కితే ప్రాణం పోదు, పడిపోతే పోవచ్చు. కానీ "ముందు ఫోన్ కాదు, దాన్ని చూడండి. లేపండి, నడిపించండి, చెవి దగ్గర రక్తం చూడండి" అన్నారు. మనుషుల గ్లూకోమీటర్ కుక్కల్లో మామూలుగా అసలు ఉన్నదాని కంటే తక్కువే చూపిస్తుందని కూడా చెప్పారు. అంటే అది 168 అన్నప్పుడే నేను ఊపిరి పీల్చుకుని ఉండాల్సింది. రెండు రోజులు పట్టింది దాని షుగర్ సర్దుకోవడానికి.

అప్పట్నుంచి సెన్సర్‌ను వీపుకు దగ్గరగా, పైకి పెడుతున్నాను. అయినా మల్లి ఒక్కోసారి గోడకు ఆనుకుని పడుకుంటే గీతలో బావిలా ఒక గుంట పడుతుంది. ఇప్పుడు భయపడను, దాన్ని లేపి పక్కకు తిప్పి ఇరవై నిమిషాల తర్వాత మళ్ళీ చూస్తాను. కొత్తగా కొన్నవాళ్ళకు ఈ ముక్క ఎవరూ ముందు చెప్పరు.

ఇంకో ఇబ్బంది, గీత సెన్సర్‌లో ఎనిమిది గంటలే నిలుస్తుంది, ఈలోపు ఫోన్‌తో చూడకపోతే పాతది చెరిగిపోతుంది. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటేలోపు చెన్నైని ముంచింది కదా, మా వీధిలో రెండు రోజులు కరెంటు లేదు. నేను ఇన్సులిన్ ఏమవుతుందోనని హడావిడి పడి, సీసాను ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో ఉంచాను. ఇన్సులిన్‌కు ఏమీ కాలేదు. ఫోన్ చార్జింగ్ అయిపోయింది. ఆ రెండు రోజులూ భుజం మీద సెన్సర్ ఉండి కూడా చెవి సూదే దిక్కయింది. గ్లూకోమీటర్, స్ట్రిప్పులు ఇంట్లో ఉండి తీరాలి.

ఇప్పటికి పందొమ్మిది సెన్సర్లు వాడాం. చెప్పిన పద్నాలుగు రోజులూ ఉన్నవి ఆరు. మిగతావి ఎనిమిదో రోజో పదో రోజో ఊడాయి. మే నెల ఉక్కపోతలో నాలుగో రోజుకే అంచులు లేస్తాయి, బనీను తొడిగితే దానికి వేడి, తొడగకపోతే సోఫాకు రాస్తుంది. ఊడిన చోట చర్మం ఎర్రబడుతుంది, రెండు మూడు వారాలు ఆ చోటు వదిలేయాలి. ఒక్కోటి నాలుగైదు వేలు. అందుకని వరసగా పెట్టడం మానేశాం. డోసు మారినప్పుడు, నీళ్ళు తాగడం పెరిగినప్పుడు, లేదంటే రెండు నెలలకోసారి. మిగతా రోజుల్లో వేళకు అన్నం, తిన్నాక ఇన్సులిన్, పన్నెండు గంటల తేడా, తూకం వేసిన ఒకే తిండి, నీళ్ళు కొలిచి పోయడం. నిజానికి మల్లిని నిలబెట్టింది ఎక్కువగా ఇవే.

మొదటి ఏడాది అడిగినవాళ్ళందరికీ వెంటనే కొనమని చెప్పేదాన్ని. ఇప్పుడు ముందు రెండు అడుగుతాను. మీ డాక్టరు ఆ గీత చూసి డోసు చెప్తారా? అంకెలు చూసి మీ అంతట మీరు డోసు మార్చకుండా ఉండగలరా? నేను ఇంట్లోంచే పనిచేస్తాను, ఇంట్లో పెద్దావిడ ఉన్నారు, ఉన్నది ఒక్క కుక్క, అదీ ఒంటి మీద చెయ్యి వేస్తే ఊరుకునే రకం. మా చెల్లెలి పామరేనియన్‌కు అంత బొచ్చులో ఇది ఒక్కరోజు నిలవలేదు, వాళ్ళు చెవి దగ్గర రక్తంతోనే బాగా నెట్టుకొస్తున్నారు. ఒక్కటే కొనగలిగితే మాత్రం, డోసు పెంచుతూ పోతున్నా పొద్దుటి అంకె దిగని రోజుల్లో కొనండి. మధ్యాహ్నం దాని షుగర్ ఎంత ఉందో చూడండి.

ఇరవయ్యోది బీరువాలో ఉంది. పాత చోట వెంట్రుకలు ఇంకా సరిగ్గా రాలేదు, ఈసారి కుడి వైపు పెడదామనుకుంటున్నాం. చప్పుడు వినగానే ఎడమ భుజం తెచ్చి ఆనించడం దానికి అలవాటు. మళ్ళీ నేర్పాలి.