పారిస్ కార్నర్‌లో రెండు రాత్రులు, ఒక మూసిన గేటు

చెన్నై పారిస్ కార్నర్‌లో మేం దిగిన లాడ్జి సంగతి ముందు కక్కేస్తాను, లేకపోతే మిగతాది రాయలేను. మద్రాసు హైకోర్టుకు నాలుగడుగుల దూరం, రోజుకు 1,800 అని ఫోన్లో చెప్పారు. తీరా శనివారం రాత్రి బాబాయి, పిన్ని, నేను ముగ్గురం దిగాక మూడో మనిషికి రోజుకో 500 అదనం అన్నారు. వేడినీళ్ళు పొద్దున 6 నుంచి 7 దాకానే, అదీ మనిషికో బకెట్టు. దిండు గలీబు మీద ఎవరిదో తలనూనె మరక. రసీదు అడిగితే లాడ్జి పేరైనా లేని తెల్ల చీటీ చేతిలో పెట్టారు. మా బాబాయి తెనాలిలో 38 ఏళ్ళు ప్లీడరుగా చేసిన మనిషి. ఆ చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏమీ అనలేదు. అదే నాకు భయమేసింది.

సెంట్రల్ రైల్వే స్టేషన్ నుంచి లాడ్జికి ఆటోకి 250 ఇచ్చాం. మెట్రోలో ఒకటే స్టేషన్, మనిషికి 10 రూపాయలని మర్నాడు తెలిసింది. పిన్ని ఆ 220 తేడా గురించి మూడు రోజులూ మాట్లాడింది.

అసలు వెళ్ళింది బాబాయి కోసం. 1954 జులైలో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు వచ్చేదాకా మన కోస్తా, సీమ జిల్లాల అప్పీళ్ళన్నీ ఈ మద్రాసు కోర్టుకే. ప్రకాశం పంతులు బారిస్టరుగా పేరు, డబ్బు గడించింది ఇక్కడే. బాబాయి సీనియర్ గారికి ఇక్కడి కబుర్లు చెప్పకుండా భోజనం సహించేది కాదట.

ఆదివారం కోర్టు ఖాళీగా ఉంటుంది, తీరిగ్గా చూపిస్తానని తెలిసిన జూనియర్ ప్లీడరు ఒకబ్బాయి మాటిచ్చాడు. వెళితే గేట్లన్నీ మూసి ఉన్నాయి. ఏటా ఒకసారి, ఒక రోజు పాటు అన్ని గేట్లూ మూసేయడం ఇక్కడి ఆచారమట. ఆ రోజు అదేనన్న సంగతి ఆ అబ్బాయి మరిచిపోయాడు. పిన్ని మొహం మాడిపోయింది. టి.నగర్ చీరలు వదులుకుని వచ్చిందాయె.

బాబాయి మాత్రం చిన్నపిల్లాడిలా గేటు ఊచలు పట్టుకుని మురిసిపోయాడు. "ఒరేయ్, మామూలు రోజుల్లో జనం ఈ ఆవరణలోంచి అడ్డదారిన పోతుంటారు. రేపెవడో వచ్చి ఇది మా దారి అనకుండా, స్థలం మాదే, మీరు నడిచేది మా దయ మీద అని ఏడాదికోసారి గుర్తు చేయడం ఇది" అన్నాడు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం (పరాయి స్థలంలో దారి లాంటి హక్కుల చట్టం) ప్రకారం 20 ఏళ్ళు, ప్రభుత్వ స్థలమైతే 30 ఏళ్ళు, హక్కుగా, బాహాటంగా, అడ్డు లేకుండా వాడుకుంటే దారి హక్కు పుడుతుందట. మరి ఒక్క రోజు మూస్తే చాలా అని అడిగాను. చాలదన్నాడు. అడ్డు పెట్టాక ఏడాది పాటు అవతలివాడు ఊరుకుంటేనే చట్టం దాన్ని ఆటంకం అంటుందిట. "కానీ యజమాని ఎవరో చెప్పడానికి తాళం కన్నా పెద్ద నోటీసు ఏముంటుందిరా?" తెలుగులో ఇంత బాగా లా పాఠం చెప్పినవాళ్ళని నేను చూడలేదు, అదీ రోడ్డు మీద.

ఆ మధ్యాహ్నం బర్మా బజారు దగ్గర బండి మీద అత్తో అనే వంటకం తిన్నాం. నూడుల్స్, వేయించిన ఉల్లిపాయ, చింతపులుసు, నిమ్మరసం అన్నీ చేత్తో కలిపి ఇస్తారు. పక్కన అరటిదూట సూపు. ప్లేటు 80. బర్మా నుంచి తిరిగొచ్చిన తమిళులు తెచ్చిన వంట. పిన్ని రెండో ప్లేటు అడిగింది, అప్పటికి గండం గడిచింది.

సోమవారం లోపలికి వెళ్ళాం. ఆధార్ తప్పక పెట్టుకోండి, తెలిసిన ప్లీడరు వెంట ఉంటే ఇంకా సుఖం. 1892లో తెరిచిన ఎర్ర ఇటుకల భవనం. దాని బురుజు మీద 1894 నుంచి 1977 దాకా ఓడలకు దీపం వెలిగేది. 1914 సెప్టెంబరు 22న జర్మన్ ఓడ ఎండెన్ గుండ్లు కురిపించిన గుర్తుగా ప్రహరీ దగ్గర ఒక ఫలకం ఉంది, వెతుక్కుని చూడండి. తొలి భారతీయ జడ్జి ముత్తుస్వామి అయ్యర్ విగ్రహం ముందు అందరూ ఆగుతారు. బాబాయి వరండాలో ఆగాడు. నాటకాలు రాసిన రాజమన్నార్ 1948లో ఇక్కడ తొలి భారతీయ చీఫ్ జస్టిస్ అయ్యాడనీ, ఇక్కడ జడ్జిగా ఉన్న కోకా సుబ్బారావే గుంటూరుకు తొలి చీఫ్ జస్టిస్‌గా వచ్చాడనీ చెబుతుంటే, ఇద్దరు లా స్టూడెంట్లు కూడా నిలబడి విన్నారు. ఒకమ్మాయిది నెల్లూరట.

లాడ్జి ఖాళీ చేసేటప్పుడు బాబాయి చీటీ బయటికి తీశాడు. మూడో మనిషికి తీసుకోవడం ఎప్పటి నుంచో ఉన్నదే అన్నాడు మేనేజరు. "ఎన్నేళ్ళ నుంచి? ఎవరూ అడ్డుకోలేదా? నేను అడ్డుకుంటున్నా, పక్కా బిల్లు ఇవ్వు" అన్నాడు బాబాయి. రెండు రాత్రులకు తీసుకున్న 1,000లో 700 వెనక్కి వచ్చింది. ఆ 700 పిన్ని చేతికి వెళ్ళింది.