మాంచెస్టర్‌లో జాజ్: ముందు హాలు చూడండి, తర్వాతే బ్యాండ్

మాంచెస్టర్‌లో జాజ్ వినాలనుకునేవాళ్లు సాధారణంగా బ్యాండ్ పేరు చూసి టికెట్ కొంటారు. ఏ హాల్లో అన్నది దారి కనుక్కోవడానికే చూస్తారు. ఒకే నలుగురి బ్యాండ్ స్వాన్ స్ట్రీట్ క్లబ్బులో వాయిస్తే ఒక రకం, ఆర్కెస్ట్రాల కోసం కట్టిన బ్రిడ్జ్‌వాటర్ హాల్లో వాయిస్తే ఇంకో రకం. రెండోచోట డ్రమ్స్ దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడి, బేస్ (మంద్రస్వరాల తీగ వాద్యం) ఏ స్వరం మీదుందో తెలియకుండా పోయే ప్రమాదం ఉంది. అందుకే ఇక్కడ హాలును బట్టి రాత్రిని ఎంచుకోవాలి.

పాతకాలం జ్ఞాపకాల కోసం వచ్చేవాళ్లు మొదట వెతికేది పీటర్ స్ట్రీట్‌లోని ఫ్రీ ట్రేడ్ హాల్‌ను. 1856లో పూర్తయిన ఆ భవనం 1940 డిసెంబర్ బాంబు దాడుల్లో దాదాపు గోడలతో మిగిలింది. మళ్లీ కట్టి 1951లో తెరిచారు. అప్పట్లో అమెరికన్ బ్యాండ్లు బ్రిటన్‌లో వాయించడమే గగనం. సంగీతకారుల సంఘం పట్టుబట్టడంతో 1935 నుంచి ఇరవై ఏళ్లకు పైగా ఆంక్షలు నడిచాయి. 1956లో, అక్కడి నుంచి ఒక బ్యాండ్ వస్తే ఇక్కడి నుంచి ఒకటి వెళ్లే పద్ధతిన తలుపు తెరుచుకుంది. ఆ తర్వాత వచ్చిన వరదలోదే 1960 సెప్టెంబర్ 27 నాటి ట్రంపెట్ దిగ్గజం మైల్స్ డేవిస్ కచేరీ. ఆ వసంతంలోనే సాక్సోఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ బ్యాండ్ వదిలి వెళ్లడంతో అతని చోట సోనీ స్టిట్ ఉన్నాడు. పియానో వింటన్ కెలీ, బేస్ పాల్ ఛాంబర్స్, డ్రమ్స్ జిమ్మీ కాబ్. దాని రికార్డింగ్ ఇప్పటికీ దొరుకుతుంది, బయల్దేరే ముందు ఒకసారి విని వెళ్లడం మేలు.

ఆ హాలు ఇప్పుడొక ఖరీదైన హోటల్. 1996లో ఈ నగరపు హాలే ఆర్కెస్ట్రా బ్రిడ్జ్‌వాటర్ హాల్‌కు మారాక దీన్ని అమ్మేశారు. వీధి వైపు రాతి ముఖభాగం పాతదే కానీ, కచేరీలు జరిగిన ప్రేక్షకశాల లేదు, గదులు వెనక కట్టిన కొత్త భవనంలో ఉన్నాయి. మైల్స్ వాయించిన చోట పడుకుంటున్నామన్న ముచ్చటతో గది తీసుకుంటే డబ్బు దండగ. ఎదుటి పేవ్‌మెంట్ మీద నిలబడి తోరణాలు చూస్తే చాలు, దానికి ఖర్చు లేదు.

బ్రిడ్జ్‌వాటర్ హాల్ నిర్మాణం చూసి తీరాల్సిందే. పక్కనే ట్రాములు తిరుగుతుంటాయి. ఆ అదురు లోపలికి రాకుండా మొత్తం భవనాన్ని దాదాపు 280 ఉక్కు స్ప్రింగుల మీద నిలబెట్టారు. లోపల నిశ్శబ్దం నిజంగా నిశ్శబ్దమే. అయితే అది ఆర్కెస్ట్రా కోసం కట్టిన హాలు. వయొలిన్లకు నిండుదనం ఇచ్చే ఆ ప్రతిధ్వని, మైకు పెట్టిన డ్రమ్ సెట్‌కు శత్రువు. ఒక దెబ్బ శబ్దం ఆరకముందే తర్వాతి రెండు వచ్చి మీద పడతాయి. ఒంటరి పియానో, గాయనితో చిన్న బృందం, వేగం తక్కువ ఉన్న పాటలు ఇక్కడ బాగుంటాయి. వేగంగా వాయించే క్వింటెట్‌కు (ఐదుగురి బృందానికి) ఇక్కడ టికెట్ కొనొద్దు. తప్పనిసరైతే స్టాల్స్‌లో, అంటే కింది అంతస్తులో, మధ్య వరుసలు తీసుకోండి. వేదిక వెనక కాయిర్ సీట్లు చవగ్గా ఉన్నాయని ఆశపడితే స్పీకర్లన్నీ ఎదుటి హాలు వైపు తిరిగి ఉంటాయి, డ్రమ్మర్ వీపు మాత్రమే మీకు మిగులుతుంది.

అసలు సంగతి స్వాన్ స్ట్రీట్‌లోని బ్యాండ్ ఆన్ ది వాల్. ఇది మొదట జార్జ్ అండ్ డ్రాగన్ అనే పబ్. అప్పట్లో పక్కన స్మిత్‌ఫీల్డ్ మార్కెట్, ఎప్పుడూ రద్దీ. కిక్కిరిసిన జనానికి వాద్యగాళ్లు అడ్డం రాకూడదని యజమాని ఎర్నీ టైసన్ వెనక గోడకు ఎత్తులో వేదిక కట్టించాడు. గోడ మీది బ్యాండ్ అన్న వాడుక పేరు అలా వచ్చి, అసలు పేరును మింగేసింది. 1975లో సంగీతకారుడు స్టీవ్ మారిస్, ఫ్రాంక్ క్యూసిక్ కలిసి జాజ్ క్లబ్బుగా మార్చారు. 2005లో మూతపడి, 2009లో మళ్లీ తెరుచుకుంది, ఆ తర్వాత ఇంకాస్త విస్తరించారు. నడిపేది లాభాపేక్ష లేని సంస్థ. ఇప్పుడు వేదిక గోడ మీద లేదులెండి.

ఇక్కడ ఎక్కువ కచేరీలు నిలబడి వినేవే. టికెట్ మీద తలుపులు 7:30 అని ఉంటే సంగీతం 7:30కి అని కాదు, ప్రధాన బ్యాండ్ రావడానికి గంటో గంటన్నరో పట్టొచ్చు. అది తెలియక ముందే వచ్చి, కాళ్లు పీకి, రెండో సెట్ (విరామం తర్వాతి భాగం) నాటికి గోడకు చేరగిలబడేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. గోడ దగ్గర, ముఖ్యంగా మూలల్లో, బేస్ శబ్దం పోగుపడి బురదలా వినిపిస్తుంది. నాలుగు అడుగులు లోపలికి జరిగితే చాలావరకు తేటపడుతుంది. మంచి చోటు సౌండ్ డెస్క్‌కు కాస్త ముందు, మధ్యలో. మిక్సింగ్ చేసే మనిషి తన చెవికి సరిపడేలా సర్దుతాడు కాబట్టి, అతనికి వినిపించేదే మీకూ వినిపిస్తుంది. పియానో వేళ్లు చూడాలంటే మాత్రం మీ ఎడమ చేతి వైపు నిలబడండి: గ్రాండ్ పియానో మూత శ్రోతల వైపు తెరుచుకోవాలి కాబట్టి పియానిస్టును ఆ పక్కనే కూర్చోబెడతారు. బార్ దగ్గర నిలబడితే మంచుగడ్డల చప్పుడు, కబుర్లు బేస్ సోలోను తినేస్తాయి. చలికాలం కోటును క్లోక్‌రూమ్‌లో ఇచ్చేయండి, జనం నిండాక లోపల ఉక్క.

గుర్తింపు కార్డు విషయంలో మన విద్యార్థులు ఎక్కువగా ఇరుక్కుంటారు. మద్యం అమ్మే చోట పాతికేళ్లలోపులా కనిపిస్తే కార్డు అడుగుతారు. పాత బీఆర్‌పీ (నివాస అనుమతి) కార్డుల గడువు 2024 డిసెంబర్ 31తో ముగిసింది, ఈ-వీసా ఫోన్ తెర చూపిస్తే తలుపు దగ్గర ఒప్పుకోరు. పాస్‌పోర్ట్ మోసుకెళ్లడం ఇష్టం లేనివాళ్లు PASS అనే హోలోగ్రామ్ ముద్ర ఉన్న వయసు రుజువు కార్డు ముందుగానే తీసుకోవాలి.

టిబ్ స్ట్రీట్‌లోని మ్యాట్ అండ్ ఫ్రెడ్స్ ఏళ్లుగా పిజ్జా, కాక్‌టెయిల్, జాజ్ మూడూ ఒకే గదిలో పెట్టిన చోటు. స్వాన్ స్ట్రీట్ నుంచి ఐదారు నిమిషాల నడక. కార్యక్రమాల పట్టిక చూసుకుని, వేదికకు దగ్గరి టేబుల్ అడిగి బుక్ చేసుకుంటేనే వెళ్లడం న్యాయం. గది చిన్నది, సాక్సోఫోన్ మైకు లేకుండానే చెవికి తగులుతుంది. కద్రి గోపాల్‌నాథ్ వాయించిన త్యాగరాజ కీర్తనలు విన్నవాళ్లకు ఆ వాద్యం కొత్త కాకపోయినా, అంత దగ్గర్నుంచి ఊపిరితో సహా వినడం కొత్తే. శుక్ర, శనివారాల్లో పుట్టినరోజు బృందాలు వస్తాయి, సంగీతం కంటే కేరింతలు ఎక్కువ. వారం మధ్యలో వెళ్లండి.

కూర్చుని శ్రద్ధగా వినాలంటే విక్టోరియా స్టేషన్ పక్కన చీతమ్స్ సంగీత పాఠశాలకు చెందిన స్టోలర్ హాల్. 2017లో తెరిచారు, 482 సీట్లు. చెక్క లోపలిభాగం, స్పష్టమైన శబ్దం. ట్రియోలకు (ముగ్గురి బృందాలకు) ఈ నగరంలో ఇంతకు మించింది లేదనిపిస్తుంది. ఆక్స్‌ఫర్డ్ రోడ్డులోని రాయల్ నార్తర్న్ కళాశాలలో విద్యార్థుల బిగ్ బ్యాండ్ కచేరీలు తక్కువ ధరకు దొరుకుతాయి, పదిహేడు మంది దాకా వాయించే ఆ మోతకు ముందు వరుస వద్దు.

మాంచెస్టర్ జాజ్ ఫెస్టివల్ 1996లో మొదలైంది. చాలా ఏళ్లు జూలైలో ఆల్బర్ట్ స్క్వేర్‌లో గుడారం వేసి నడిపారు. టౌన్ హాల్ మరమ్మతులతో ఆ చోటు లేకుండా పోయింది, పండుగ మే నెలకు మారింది. గుడారం పైకప్పు మీద మాంచెస్టర్ వాన పడుతుంటే బ్రష్‌లతో మెత్తగా వాయించే డ్రమ్మర్ గతి ఏమిటో ఊహించుకోవచ్చు. ఇప్పటికీ ఆరుబయట కార్యక్రమాలకు వానకోటు తీసుకెళ్లండి, గొడుగు తెరిస్తే వెనకున్నవాళ్లు ఊరుకోరు.

మన కచేరీల అలవాటుతో వచ్చేవాళ్లకు ఒక మాట. ముందు రాగం లాంటి అసలు బాణీ అందరూ కలిసి వాయిస్తారు, తర్వాత ఒక్కొక్కరి సోలో, చివర మళ్లీ బాణీ. ప్రతి సోలో అయ్యాక, పాట నడుస్తుండగానే చప్పట్లు కొడతారు. మన తని ఆవర్తనం లాంటిది ఇక్కడ డ్రమ్స్‌కు పాట మధ్యలోనే వస్తుంది: నాలుగేసి తాళం చుట్లు డ్రమ్మర్, నాలుగేసి చుట్లు మిగతావాళ్లు. తాళం వేయాలనిపిస్తే ఒకటి, మూడు మీద కాదు, రెండు, నాలుగు మీద వేయాలి. బేస్ సోలోలో మాత్రం ఏదీ వద్దు.

ఈ నగరం సొంత బ్యాండ్లను వినాలంటే గొండ్వానా రికార్డ్స్ పేరు గుర్తుంచుకోండి. ట్రంపెట్ వాద్యకారుడు మాథ్యూ హాల్సాల్ 2008లో పెట్టిన సంస్థ. గోగో పెంగ్విన్ ఆల్బమ్ 2014లో బ్రిటన్‌లో ఏటా ఉత్తమ ఆల్బమ్‌కు ఇచ్చే మెర్క్యురీ ప్రైజ్ తుది జాబితాకు వెళ్లింది దీని ద్వారానే. వాళ్ల రికార్డులు ఓల్డ్‌హామ్ స్ట్రీట్‌లోని పికడిలీ రికార్డ్స్‌లో చూడొచ్చు.

బసకు నార్తర్న్ క్వార్టర్ నడకకు అనువు, నిద్రకు కాదు. అక్కడే ఉండాలంటే వీధి వైపు కాని గది అడగండి. క్యాసిల్‌ఫీల్డ్‌లోని యూత్ హాస్టల్ చవక, ప్రశాంతం, క్లబ్బుల నుంచి అరగంట నడక. 2023 ఏప్రిల్ నుంచి నగర మధ్యలోని చాలా హోటళ్లు గదికి రోజుకు 1 పౌండ్, దానిపై వ్యాట్ అదనంగా తీసుకుంటున్నాయి, అది మోసం కాదు. ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న వారాంతం గది ధరలు చుక్కలంటుతాయి, టికెట్ కొనేముందే మ్యాచ్ తేదీలు చూడండి.

తిండికి సోప్ స్ట్రీట్ సందులో దిస్ అండ్ దట్ అనే చిన్న హోటల్ ఉంది, అన్నం, మూడు కూరలు ఒకే పళ్లెంలో. మధ్యాహ్నం వెళ్లాల్సిన చోటది. రాత్రి కచేరీ అయ్యాక ఆకలేస్తే ఆక్స్‌ఫర్డ్ రోడ్డు బస్సెక్కి రషోమ్‌లోని కర్రీ మైల్‌లో దిగాలి. అక్కడ ఎక్కువగా పాకిస్తానీ, అరబ్ వంటకాలు. దోసె ఆశించొద్దు.

ఎయిర్‌పోర్ట్ నుంచి పికడిలీకి రైలు పావుగంట, ఇరవై నిమిషాలు. ట్రాముకు దాదాపు గంట. క్లబ్బులకు షూడ్‌హిల్ స్టాప్ దగ్గర. బ్యాంకు కార్డును ట్రాము ఎక్కేముందు స్టాప్‌లోని యంత్రానికి తాకించి, దిగాక తాకించడం మరిస్తే అసలు చార్జీకి మించి కోస్తారు, కచేరీ మత్తులో దిగేవాళ్లు మరిచేది అదే. శుక్ర, శనివారాల్లో ట్రాములు అర్ధరాత్రి దాటాక కూడా ఉంటాయి. ఆదివారం మాత్రం చాలా ముందే ఆగిపోతాయి కాబట్టి, రెండో సెట్ మొదలవకముందే చివరి ట్రాము వేళ ఫోన్‌లో చూసి పెట్టుకోండి.